గుప్పెడు బియ్యానికి హాజరు పట్టీ



జూన్ నెల వచ్చిందంటే మన లైన్ ఇళ్లలో ఏ ఇంట చూసినా ఒకటే లెక్క. ఫీజుకెంత, యూనిఫారం కుట్టుకూలికెంత, చెప్పులకెంత. సర్కారు బడికి పోయే పిల్లలకి పుస్తకాలు బడిలోనే ఇస్తారు గనుక కొంత నయం. ప్రైవేటు బడిలో వేసినవాళ్లు లాంగ్‌సైజు నోటుపుస్తకాలు మొదలుకొని జామెట్రీ బాక్సు దాకా అన్నీ కొనాల్సిందే. ఏటా వచ్చే ఖర్చే. అయినా ఏటా కొత్తగా వచ్చి మీద పడినట్టే ఉంటుంది.

మా సంఘంలో కొన్నేళ్లుగా ఈ నెలలో పిల్లలకి నోటుపుస్తకాలు ఇస్తున్నాం. పోయిన నెల కమిటీలో ఆ మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన లేచి అన్నారు: "అయ్యగారూ, ఈ ఏడు ఒక పద్ధతి పెడదాం. సండేస్కూలు హాజరు పట్టీ తీద్దాం. సగం ఆదివారాలైనా వచ్చిన పిల్లలకే పుస్తకాలు. రానివాళ్లకి దేనికండీ? పుస్తకాలప్పుడు ఒకసారి కనబడతారు, మళ్లీ క్రిస్మస్ కేకుకే కదా వచ్చేది."

కూర్చున్నవాళ్లలో చాలామంది తల ఊపారు. ఆయన దురుద్దేశంతో అన్నారని నేననను. ఆదివారం అందరికంటే ముందు వచ్చి గుడి తలుపు తీసేది ఆయనే. సండేస్కూలుకి సుద్దముక్కలు సొంత డబ్బుతో కొనేది ఆయనే. ఖాళీ బెంచీలు చూసి ఆయన మనసు నొచ్చుకుంటుంది. ఆ నొప్పి నాకూ ఉంది.

అయినా ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు నా నోటినుంచి వచ్చినదే. నేను ఇంకా పాడుగా అన్నాను. ఆ సంగతి ఇన్నేళ్లలో ప్రసంగపీఠం మీద ఎప్పుడూ చెప్పలేదు. ఈ నెల మీతో చెప్పుకుంటాను.

నేను ఈ సంఘానికి కొత్తగా వచ్చిన రోజులు. మన పక్క మిల్లుల్లో ఒకటి మూతపడిన మరుసటి ఏడు. పొద్దున మిల్లు కూత వినబడకపోతే ఏ టైముకి లేవాలో తెలియక మగవాళ్లు తెల్లవారుజామున వీధి అరుగుల మీద కూర్చుని ఉండేవాళ్లు. పర్మనెంటు కార్డు ఉన్నవాళ్ల సంగతే అలా ఉంటే, బదిలీ పనివాళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

అప్పట్లో మా స్త్రీల సమాజంవారు గుప్పెడు బియ్యం ఎత్తేవాళ్లు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేసేవాళ్లు. నెలకొకసారి ఆ బియ్యం గుడికి వస్తుంది. ఒక్కో ఇంటి బియ్యం ఒక్కో రకం. ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసిపోయేవి. అది ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకి పోయేది. ఇచ్చేవాళ్లూ మిల్లువాళ్లే, పుచ్చుకునేవాళ్లూ మిల్లువాళ్లే. ఈ నెల ఇచ్చిన ఇల్లు వచ్చే నెల పుచ్చుకునే ఇల్లు కావచ్చు.

నేను వచ్చాక దానికొక క్రమం పెట్టాలనుకున్నాను. కుర్రతనం, ఉత్సాహం. ఒక నోటుపుస్తకం కొని పేర్లు రాశాను. నెలాఖరు శనివారం సాయంత్రం గుడి వరండాలో బల్ల వేసుకుని కూర్చోవడం, పేరు పిలవడం, వచ్చి సంతకం పెట్టి సంచి పట్టుకుపోవడం. ఆ పుస్తకంలోనే ఇంకో గీత కొట్టి ఆదివారం ఆరాధనకి వచ్చిందీ రానిదీ గుర్తు పెట్టుకునేవాడిని. మందను ఎరిగిన కాపరిని అనుకున్నాను.

ఒక చెల్లెమ్మ ఉండేది. భర్త బదిలీ కార్డు మీద పదేళ్లకు పైగా చేసి, మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలు. రెండు నెలలుగా ఆమె ఆరాధనకి రావడం లేదు. బియ్యానికి మాత్రం వస్తోంది. ఆ శనివారం ఆమె పేరు పిలిచి, సంచి చేతికిస్తూ నవ్వుతూ అన్నాను: "ఏమ్మా, బియ్యానికి దారి తెలిసింది గాని ఆరాధనకి దారి తెలియలేదా?"

వెనకాల వరసలో ఏడెనిమిదిమంది ఉన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "వస్తానయ్యగారూ" అని సంచి తీసుకుని పోయింది.

మరునాడు ఆదివారం ఆమె రాలేదు. సోమవారం పొద్దున గుడి ఊడ్చే ముసలమ్మ నన్ను పిలిచి, "అయ్యగారూ, తలుపు దగ్గర ఎవరో బియ్యం పెట్టి పోయినారు" అంది. పోయి చూశాను. మేమిచ్చిన సంచే. మూతి కట్టిన పురికొస ముడి కూడా విప్పలేదు.

నాకు మొదట వచ్చింది కోపం. ఆ నిజం కూడా చెప్పాలి కదా. ఇంత పౌరుషమా అనుకున్నాను. వారం రోజులు అలాగే ఉన్నాను. నా భార్యే, "మీరు పోయి రండి. పోకపోతే ఈ ఆదివారం మీరిచ్చే బల్ల నేను తీసుకోలేను" అంది. మా ఇంట్లో అంత కటువైన మాట అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

పోయాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, పక్కింట్లో పాలు అడిగి తెచ్చి కాఫీ పెట్టింది. ఆమె చెప్పిన మాటలు నాకు ఈనాటికీ అలాగే గుర్తు. "బియ్యం మాకు కావలసిందే అయ్యగారూ. పిల్లోళ్లకి ఆ రాత్రికి లేవు. నేను ఒక ఇంట్లో వంటపనికి చేరి రెండు నెలలయింది. ఆదివారం వాళ్లింటికి చుట్టాలొస్తారు. ఆ ఒక్క రోజు మానితే ఇంక రావద్దంటారు. ఈ సంగతి అందరి ముందరా ఎట్ట చెప్పేది? మా ఆయన ఖాళీగా ఉంటే పెళ్లాం వేరే ఇంట్లో గిన్నెలు తోముతా ఉందని మీ వరండాలో నిలబడి చెప్పేదా? ఇంటికొచ్చి ఎసరు పెట్టినా. మీ మాట చెవిలో ఉండంగా ఆ బియ్యం చేతికి రాలేదయ్యగారూ. పక్కింట్లో సోలెడు అప్పు తెచ్చి వండినా."

నేను తప్పు చేశానమ్మా, క్షమించమని అడిగాను. "అయ్యో, అంత మాటెందుకు" అంది. ప్రార్థన చేయమంది. చేశాను. కాని ఆమె మళ్లీ మా గుడికి రాలేదు. తర్వాత ఆ కుటుంబం ఊరి ఇంకో చివరకి మారిపోయింది. అక్కడ ఏదో గృహకూటానికి పోతున్నారని విన్నాను. దేవుడు ఆమెను విడిచిపెట్టలేదు. నేను పోగొట్టుకున్నాను. ఐదు శేర్ల బియ్యమిచ్చి ఒక కుటుంబాన్ని గుడినుంచి బయటికి పంపిన కాపరిని నేను.

ఆ తర్వాత చాలా రోజులు రూతు గ్రంథం రెండో అధ్యాయమే చదువుకున్నాను. మీలో చాలామందికి తెలిసిన కథే. రూతు పరదేశి, విధవరాలు, అత్తను పోషించుకోవాలి. బోయజు పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చింది. కోత కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి బీదలకీ పరదేశులకీ విడిచిపెట్టాలని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. బోయజు ఆ ఆజ్ఞ దగ్గర ఆగలేదు. తన పనివాళ్లను పిలిచి రెండు మాటలు చెప్పాడు. కట్టలనుంచి కొన్ని కావాలనే లాగి ఆమె కోసం వదలమన్నాడు. ఆమెను అవమానపరచవద్దు, గద్దించవద్దు అన్నాడు.

మొదటి మాట మనందరికీ తెలుసు. గింజలు వదలాలి. రెండో మాట నేను అన్నేళ్లు చదివి కూడా పట్టించుకోలేదు. పుచ్చుకునే మనిషి తల దించుకోనక్కర లేకుండా చూడడం కూడా ఇవ్వడంలో భాగమే. గింజలు వదిలి, గట్టు మీద నిలబడి "ఎవరమ్మాయివి, ఏ గుడికి పోతావు" అని అడిగితే ఆ పరిగె ఎవరికి మింగుడు పడుతుంది?

లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులున్నారు. పదిమందీ బాగుపడ్డారు. తిరిగి వచ్చి స్తుతించింది ఒక్కడే, వాడూ సమరయుడు. తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగాడు. అడిగాడు గనుక ఆయనకీ ఆ బాధ ఉందని తెలుస్తోంది. మా పెద్దాయన బాధ లాంటిదే. అయితే ఆ తొమ్మిదిమందికి ఇచ్చిన స్వస్థత వెనక్కి తీసుకున్నట్టు అక్కడ లేదు.

కమిటీలో ఈ సంగతులు చెప్పాక ఒక తమ్ముడు అడిగాడు. "అయ్యగారూ, బైబిలు కాలం వేరు. మన సంఘం బీద సంఘం. ఇచ్చేదానికి ఒక ఫలం ఉండాలి కదా?" మంచి ప్రశ్నే. దానికి మన సొంత చరిత్రలోనే జవాబుందని చెప్పాను. అది ఇక్కడా చెబుతాను. మా సంఘంలో చాలా ఇళ్ల ముత్తాతలు నెల్లూరు, ఒంగోలు వైపునుంచి మద్రాసు చేరినవాళ్లే. ఇది వాళ్ల సంగతి.

1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో పెద్ద కరువు వచ్చింది. మన తెలుగువాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. అప్పటికి ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ పదేళ్లుగా ఉన్నారు. ఆయన మిషనరీ కాకముందు కుర్రతనంలో భూముల సర్వే పని నేర్చుకున్న మనిషి. కరువుపనిగా సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, ఆయన మూడున్నర మైళ్ల ముక్క కంట్రాక్టు తీసుకున్నారు. కంట్రాక్టు లాభానికి కాదు, జనానికి కూలి దొరకాలని. పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తోలుపని తెలిసినవాళ్లు గాని పలుగు పారా పట్టి అలవాటు లేనివాళ్లు. ప్రసంగీకులే మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం పని ఆపి కూర్చున్నప్పుడు కూలివాళ్ల పక్కన కూర్చుని సువార్త చెప్పేవాళ్లు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. దొరగారు ఇవ్వలేదు. ఒకరోజు రెండు రోజులు కాదు, పదిహేను నెలల దాకా బాప్తిస్మాలు ఆపేశారు. కడుపు కాలుతున్నప్పుడు అడిగినదాన్ని విశ్వాసమని లెక్క వేసుకోవడం న్యాయం కాదని ఆయనకి తోచింది. కూలి ఇవ్వడం మాత్రం ఆపలేదు. కరువు తగ్గి, ఇక సాయం లేదు, పంచడానికి డబ్బు లేదు అని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆరుగురు ప్రసంగీకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు.

ఈ 2222 లెక్క మా సండేస్కూలు పిల్లలు కూడా అప్పగిస్తారు. దాని ముందున్న పదిహేను నెలల సంగతి ఎవరూ అప్పగించరు. నాకైతే ఆ నెలలే పెద్ద సంగతి. చేతిలో తిండి ఉంది, ఎదురుగా ఆకలిగొన్న జనం ఉన్నారు, వాళ్లే అడుగుతున్నారు. ఆ సమయంలో ఊరుకోవడం ఏ మిషనరీకైనా, ఏ కాపరికైనా తేలిక కాదు. పై వాళ్లకి పంపే రిపోర్టులో లెక్క తక్కువ కనబడుతుంది మరి.

ఆ కాలువే మన బేసిన్ బ్రిడ్జి పక్కనుంచి, వ్యాసర్పాడి పక్కనుంచి పోతోంది. ఇప్పుడు దాని వాసనకి ముక్కు మూసుకుని దాటుతాం. 1876లో పెట్టిన బకింగ్‌హాం మిల్లుదీ ఆ పేరే. ఆ రోజుల్లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. కరువులో కాలువ తవ్వినవాళ్ల జాతివాళ్లే తర్వాతి తరాల్లో ఈ మిల్లు గేట్ల ముందు నిలబడ్డారు. కూలి కోసం వరసలో నిలబడడం మనకి వంశపారంపర్యంగా తెలుసు. అందుకే మన గుడి వరండాలో ఇంకో వరస పెట్టించకూడదని అన్నాను.

మోసం చేసేవాళ్లు ఉండరా అంటే ఉంటారు. ఒకసారి ఒక ఇంటివాళ్లు మేమిచ్చిన బియ్యం టిఫిను కొట్టుకి అమ్ముకున్నారని తెలిసింది. స్త్రీల సమాజం అక్కలకి చాలా కోపం వచ్చింది. నాకూ వచ్చింది. తర్వాత విచారిస్తే ఆ డబ్బు మందులకి పోయిందని కొందరన్నారు, సారాయికి పోయిందని కొందరన్నారు. ఏది నిజమో తేలలేదు. ఆ ఒక్క ఇంటి కోసం మిగతా ఇరవై ఇళ్లవాళ్లను వరసలో నిలబెట్టి ప్రశ్నలడగడం నాకిష్టం లేదు. ఒక సంచి మోసపోతే పోనీ అనుకుంటాను. ఒక మనిషి మళ్లీ పోవడం నేను తట్టుకోలేను.

ఆ చెల్లెమ్మ ఇంటినుంచి వచ్చిన వారమే ఆ నోటుపుస్తకం చించేశాను. తర్వాతి నెలనుంచి స్త్రీల సమాజం అక్కలే ఇద్దరిద్దరుగా, చీకటిపడ్డాక, మామూలుగా ఇంటికి వచ్చినట్టు వచ్చి సంచి లోపల పెట్టి, కాసేపు కబుర్లు చెప్పి వచ్చేవాళ్లు. ప్రార్థన చేయమంటే చేసేవాళ్లు, అడగకపోతే లేదు. 2011నుంచి ఈ రాష్ట్రంలో రేషను కొట్లలో బియ్యం ఉచితంగా ఇస్తున్నారు గనుక ఇప్పుడు కుండ బదులు కవరు వచ్చింది. అందులోని డబ్బే మందులకీ బడి పుస్తకాలకీ పోతోంది. పేరు మాత్రం ఇప్పటికీ గుప్పెడు బియ్యం కవరే.

ఇక నోటుపుస్తకాల సంగతి. కమిటీ ఆ రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడింది. చివరికి హాజరు పట్టీ తీయకూడదని తీర్మానించాం. వరస ఉండదు, ఫొటో ఉండదు, పేరు చదవడం ఉండదు. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో, ఏ క్లాసో అక్కలకి తెలుసు. పుస్తకాలు ఇంటికే పోతాయి.

ఆ పెద్దాయనకి ఒక పని అప్పగించాను. సండేస్కూలుకి రాని పిల్లల ఇళ్లకి పోయి, పుస్తకాల మాటెత్తకుండా, ఎందుకు రావడం లేదో కనుక్కోమన్నాను. పోయినవారం వచ్చి చెప్పారు. నాలుగిళ్లలో తల్లి ఆదివారం పనికి పోతుంది, పెద్దపిల్ల ఇంట్లో చిన్నపిల్లవాణ్ణి చూసుకుంటుంది. మూడిళ్లలో ట్యూషను. రెండిళ్లలో పిల్లలకి తెలుగు చదవడం రాదు, తమిళంలో అయితే వస్తామన్నారు, పాట పుస్తకం చేతికిస్తే సిగ్గుపడుతున్నారట. ఒక ఇంట్లో మాత్రం, "మాకిష్టం లేదు" అని చెప్పేశారు. పెద్దాయన నాతో, "అయ్యగారూ, శనివారం సాయంత్రం ఒక క్లాసు నేనే పెడతాను. చిన్నవాణ్ణి ఎత్తుకుని రమ్మంటాను. తెలుగు అక్షరాలు కూడా నేనే దిద్దిస్తాను" అన్నారు. ఇష్టం లేదన్న ఇంటి సంగతేమిటని అడిగాను. "వాళ్ల పిల్లవాడు ఎనిమిదో క్లాసండీ. పుస్తకాలు ఎక్కువ పడతాయి. వాటిని నేనే మోసుకుపోతాను" అన్నారు.

ఈ పత్రిక చదివేవారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువ. మీ గుళ్లలోనూ అన్నదానాలు, పుస్తకాల పంపకాలు జరుగుతాయి. యూనియనువాళ్లూ ఇస్తారు. ఇచ్చే చోట కూర్చునే అవకాశం మీలో ఎవరికైనా వస్తే, నేను వరండాలో అన్న మాట ఒకసారి గుర్తు చేసుకోండి. పుచ్చుకోవలసి వచ్చినవారికి కూడా ఒక మాట. మీరు తల దించుకోవలసిన పని ఏమీ చేయలేదు.

మా సంఘంవారికి విజ్ఞప్తి. ఈ నెల రెండో ఆదివారంలోగా గుప్పెడు బియ్యం కవర్లు ట్రెజరరుగారికి అందజేయండి. కవరు మీద పేరు రాయనక్కర లేదు. శనివారం సాయంత్రం ఐదింటికి పిల్లల క్లాసు మొదలవుతుంది. తెలుగు అక్షరాలు దిద్దించగల అక్కలు, అన్నలు ఇంకో ఇద్దరు కావాలి.

ఆ చెల్లెమ్మ ఈ పత్రిక చదువుతుందో లేదో నాకు తెలియదు. చదివితే, అమ్మా, నీ కాఫీ బాకీ నా మీద ఉంది. పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ప్రభువు కృప మీ ఇళ్లన్నిటికీ తోడుగా ఉండుగాక.

ఇట్లు,
మీ కాపరి